ప్రో బౌల్: ఎంపిక గౌరవమా, ఆట నవ్వులాటా?

ప్రశ్న: ఆరు నెలల క్రితం ఉద్యోగం మీద డల్లాస్ వచ్చాను. మా ఆఫీసులో ఒకాయన తన అభిమాన ఆటగాడు ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడని అందరికీ డోనట్లు పంచారు. పక్కనున్నాయన "దానికి కూడా పంచుతారా?" అని నవ్వేశారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ చూస్తున్నవాళ్ళే. ఎవరి మాట నమ్మాలి? దేశంలోని మేటి ఆటగాళ్ళందరినీ ఒకచోట చేర్చి, నడుముకు గుడ్డపీలికలు కట్టి ఆడించడం ఏమిటి? అసలు ఆట ఎందుకు ఆడరు?

సమాధానం:

మీ ఆఫీసులో ఇద్దరూ నిజమే చెప్పారండీ. డోనట్లు పంచినాయన ఎంపిక గురించి మాట్లాడారు, నవ్వినాయన ఆట గురించి మాట్లాడారు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి ఆటగాళ్ళతో ఏటా పెట్టే తారల ఆట ప్రో బౌల్. ఆ ఒక్క పేరు కింద ఈ రెండూ కాపురం ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నేను ఈ ఆటను పాతికేళ్ళకు పైగా చూస్తున్నాను. ఉండేది ఓర్లాండోలో కాబట్టి 2017 నుంచి 2020 దాకా మా ఊళ్ళో జరిగిన నాలుగు ప్రో బౌల్‌లలో రెండింటికి సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. శనివారాలు మా కాలనీ పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్, అంటే మనిషిని పడగొట్టకుండా నడుము పట్టీ లాగి ఆడే ఆట, నేర్పుతుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆటగాళ్ళు ఒళ్ళు దాచుకోవడం వల్లే ప్రో బౌల్ చెడిపోయిందని ఇక్కడ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అమెరికన్ ఫుట్‌బాల్‌ను సరదాగా ఆడటం కుదరదు. దాన్ని నిజంగా ఆడాలి, లేదా మానెయ్యాలి. ఈ సంగతి లీగు పెద్దలకు బోధపడటానికి చాలా ఏళ్ళు పట్టింది.

మనకు తెలిసిన ఆటతో చెబుతాను. క్రికెట్‌లో ఎవరి వీడ్కోలుకో ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టారనుకోండి. బౌలరు కాస్త వేగం తగ్గించి వేస్తాడు, బ్యాటరు నాలుగు సిక్సర్లు కొడతాడు, జనం ఈలలు వేస్తారు. తీవ్రత తగ్గినా అది క్రికెట్‌లాగే కనబడుతుంది. ఇప్పుడు కబడ్డీ ఊహించుకోండి. కూతకు వచ్చినవాణ్ణి ఎవరూ గట్టిగా పట్టుకోకూడదు, దెబ్బ తగలకుండా చూసుకోవాలి అన్నారనుకోండి. అక్కడ కబడ్డీ ఎక్కడుంది? పట్టు లేకపోతే కూతకు అర్థమే లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌కు ట్యాకిల్ అలాంటిది. బంతి పట్టినవాణ్ణి పడగొట్టడం, పడగొట్టబోయేవాళ్ళను అడ్డుకోవడం, ఈ రెండింటి మీదే మొత్తం ఆట నిలబడి ఉంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడ కట్టే ఐదుగురు లైన్‌మన్లు ఒక్కొక్కరు 140 కిలోల చొప్పున ఉంటారు. వాళ్ళను దాటి రావాలని చూసేవాళ్ళు కూడా తక్కువేమీ ఉండరు. సగం వేగంతో ఢీకొందామని అందరూ అనుకున్నా, ఒక్కడు పూర్తి వేగంతో వస్తే చాలు, సగం వేగంలో ఉన్నవాడి మోకాలు పోతుంది.

ఆ ఒక్కడు ఎలా ఉంటాడో చూడాలంటే 2007 ప్రో బౌల్ వీడియో వెతకండి. హొనొలులులో జరిగింది. బఫలో జట్టు పంటర్ బ్రయన్ మూర్మన్, అంటే బంతిని దూరంగా తన్నడమే పనిగా ఉన్న మనిషి, ఆ రోజు తన్నకుండా బంతి పట్టుకుని పరుగెత్తాడు. సరదా ఆట కదా, ఎవరేమంటారు అనుకుని ఉంటాడు. వాషింగ్టన్ జట్టులో డిఫెన్స్ వెనక వరసలో కాపలా కాసే షాన్ టేలర్ ఎదురొచ్చి ఎలా కొట్టాడంటే, మూర్మన్ గాలిలోకి లేచి వెల్లకిలా పడ్డాడు. పాపం, లేచి నవ్వుతూ వెళ్ళాడనుకోండి. అప్పుడు నేను స్నేహితుల ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. గదిలో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది "ప్రో బౌల్‌లో ఇదేం పని?" అన్నారు. నాకు మాత్రం ఆ సాయంత్రం మొత్తంలో ఫుట్‌బాల్ కనబడింది ఆ ఒక్క క్షణంలోనే. అదే ఏడాది నవంబరులో తన ఇంట్లో చొరబడిన దొంగల తుపాకీ గుండుకు టేలర్ బలయ్యాడు. వయసు 24. ఇప్పటికీ ఆయన పేరెత్తితే అభిమానులు ఆ దెబ్బనే తలుచుకుంటారు.

అయితే ఇది మొదటి నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి తారల మ్యాచ్ 1939 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. ఆ ఏటి విజేత న్యూయార్క్ జయంట్స్ ఒక పక్క, మిగతా జట్ల నుంచి ఏరిన ఆటగాళ్ళు ఇంకో పక్క. జయంట్స్ 13-10తో గెలిచారు. మైదానం పేరు రిగ్లీ ఫీల్డ్. షికాగోలో ఉన్న ప్రసిద్ధమైనదాన్ని అనుకోకండి, లాస్ ఏంజెలెస్‌లో అదే పేరుతో ఒకటి ఉండేది. యుద్ధం వల్ల 1942తో ఆపేశారు. మళ్ళీ 1951 జనవరిలో, లాస్ ఏంజెలెస్ పత్రికా ప్రచురణకర్తల సంఘం ఆధ్వర్యంలో, ఈసారి రెండు కాన్ఫరెన్స్‌ల, అంటే లీగులోని రెండు సగాల, మధ్య పోటీగా మొదలుపెట్టారు. అమెరికన్ కాన్ఫరెన్స్ 28-27తో గెలిచింది. అలా 1972 వరకు అక్కడి కొలీజియం మైదానంలోనే ఆడారు.

ఆ రోజుల్లో ఆటగాళ్ళు సీజన్ అయిపోగానే ఇంకో ఉద్యోగం చూసుకునేవాళ్ళు. కొందరు బీమా పాలసీలు అమ్మేవాళ్ళు, కొందరు కార్లు అమ్మేవాళ్ళు. గెలిచిన జట్టుకు దక్కే అదనపు డబ్బు వాళ్ళ ఇంటికి నిజంగా పనికొచ్చేది. అందుకే ఒళ్ళు దాచుకోకుండా ఆడేవాళ్ళు. 1987లో కూడా ఆ వాసన మిగిలే ఉంది. ఆ ఏడు స్కోరు ఎంతో తెలుసా? 10-6. ఫిలడెల్ఫియా జట్టు రెజ్జీ వైట్ క్వార్టర్‌బ్యాక్‌లను నాలుగుసార్లు పడగొట్టి ఉత్తమ ఆటగాడి బహుమతి పట్టుకుపోయాడు. పదిహేడేళ్ళ తర్వాత, 2004లో, 55-52. మొత్తం 107 పాయింట్లు. ఈ రెండు స్కోర్ల మధ్య డిఫెన్స్ ఎక్కడికి పోయిందో వేరే చెప్పాలా?

డబ్బు లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. మామూలు ఆటగా చివరిసారి ఆడిన 2022లో గెలిచిన జట్టు ఆటగాడికి 80 వేల డాలర్లు, ఓడినవాడికి 40 వేలు ఇచ్చారు. మనబోటివాళ్ళకు అది చాలా పెద్ద మొత్తమే. కానీ లీగులో కొత్తగా అడుగుపెట్టిన కుర్రాడికి 2025లో కనీస వేతనమే 8 లక్షల 40 వేల డాలర్లు. ప్రో బౌల్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది అంతకు పదింతలు, ఇరవై ఇంతలు తీసుకుంటారు. పైగా ఈ లీగులో చాలా ఒప్పందాలకు మొత్తం డబ్బు మీద హామీ ఉండదు. మోకాలు పోతే వచ్చే ఏడు జట్టు వదిలించుకోవచ్చు. 40 వేల తేడా కోసం ఎవరు మోకాలు పణం పెడతారు? పెట్టమని అడగడం న్యాయమా?

ఇంకో రెండు కారణాలున్నాయి, వాటి గురించి తక్కువమంది మాట్లాడతారు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగులు తమ తారల ఆటను సీజన్ నడుమ పెట్టుకుంటాయి. ఫుట్‌బాల్‌లో ప్రతి వారం ఒళ్ళు హూనమవుతుంది కాబట్టి మధ్యలో అలాంటి పని కుదరదు. అందుకే చివర్లో, అందరూ అలసిపోయి, సగం మందికి ఏదో ఒక కట్టు ఉన్నప్పుడు పెడతారు. రెండోది, ఫుట్‌బాల్ వ్యూహం. పదకొండు మంది ఒకే క్షణంలో పదకొండు వేర్వేరు పనులు చేయాలి. అది నెలల తరబడి సాధన చేస్తే వచ్చేది. వేర్వేరు జట్ల నుంచి వచ్చినవాళ్ళకు ఒక్క వారంలో నేర్పలేరు. అందుకని ప్రో బౌల్‌కు ప్రత్యేక నియమాలు పెట్టారు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషుల్ని దూకించే బ్లిట్జ్ నిషేధం. పంట్ తన్నేటప్పుడు మీద పడకూడదు. దెబ్బలు తగ్గించడానికి పెట్టిన నియమాలే ఇవి, తప్పుపట్టలేం. కానీ ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

ఇక హవాయి సంగతి. 1970లో పోటీ లీగు ఏఎఫ్‌ఎల్ వచ్చి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కలిసిపోయింది. 1973 నుంచి కొన్నాళ్ళు ఈ ఆటను ఊరూరా తిప్పి, 1980లో హొనొలులులోని అలోహా స్టేడియంకు తీసుకెళ్ళారు. వరుసగా ముప్పై ఏళ్ళు అక్కడే. అది తెలివైన పని. లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ అయిపోయిన వారానికి, భార్యాపిల్లలతో సముద్రం ఒడ్డున సెలవు. ఆటగాడు రానని ఎందుకంటాడు? 2010లో లీగుకు ఇంకో ఆలోచన వచ్చింది. సూపర్ బౌల్‌కు ముందు వారం ఖాళీగా ఉంది కదా, అక్కడ పెడితే టీవీలో ఎక్కువమంది చూస్తారని. ఎక్కువమంది చూశారు కూడా. కానీ దాంతో సూపర్ బౌల్ ఆడే రెండు జట్ల వాళ్ళు, అంటే ఆ ఏటి రెండు మేటి జట్ల వాళ్ళు, రాకుండా పోయారు. పెళ్ళికొడుకు లేని ఊరేగింపు అయింది. నన్నడిగితే ప్రో బౌల్‌కు పడిన అసలు దెబ్బ అదే.

2012లో మళ్ళీ హొనొలులులోనే 59-41. వంద పాయింట్లు. లైన్‌మన్లు ఒకరినొకరు నెట్టినట్టు నటిస్తుంటే స్థానిక ప్రేక్షకులు గేలి చేశారు. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ తన పక్షంవాళ్ళలోనే కొందరి ఆట సిగ్గుచేటుగా ఉందన్న అర్థంలో బహిరంగంగా మాట్లాడాడు. ఆట స్థాయి బాగుపడకపోతే దీన్ని ఆపేస్తామని కమిషనర్ రోజర్ గుడెల్ హెచ్చరించారు. అది ఒక ఏడాదికి పనిచేసింది. ఆ తర్వాత కాన్ఫరెన్స్‌లను పక్కనపెట్టి, డియాన్ శాండర్స్, జెర్రీ రైస్ వంటి పాత దిగ్గజాలతో పిల్లలాటల్లోలా జట్లు ఎంచుకోనిచ్చారు. మూడేళ్ళకే అది కూడా మూతపడింది.

నేను చూసిన వాటిలో బాగా గుర్తున్నది 2019 జనవరిది. ఓర్లాండోలో చల్లటి వాన. మా అబ్బాయి, నేను ఒకే ప్లాస్టిక్ కోటు కప్పుకుని కూర్చున్నాం. మైదానంలో డిఫెన్స్ ఆడే జేలెన్ రామ్సీ అటువైపు వెళ్ళి టచ్‌డౌన్ పాస్, అంటే చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్, పట్టాడు, పాసులు పట్టాల్సిన మైక్ ఎవన్స్ ఇటువైపు వచ్చి ఎదుటివాళ్ళ పాస్‌ను దొరకబుచ్చుకున్నాడు. కచేరీ మధ్యలో మృదంగం వాయించేవాడు, పాడేవాడు చోట్లు మార్చుకున్నట్టు ఉంది. మా అబ్బాయికి భలే నచ్చింది. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? కానీ చుట్టూ ఎవరూ స్కోరు చూడటం లేదు. అమెరికన్ కాన్ఫరెన్స్ పక్షం ఏఎఫ్‌సీ 26-7తో గెలిచిందని కారు ఎక్కాక రేడియోలో విన్నాం.

2021లో కోవిడ్ వల్ల మైదానమే లేదు, వీడియో గేములో ఆడించారు. 2022లో లాస్ వేగస్‌లో చివరి మామూలు ఆట. బంతి పట్టినవాడి మీద చెయ్యి వేయగానే విజిల్ ఊదారు. ఆ స్కోరు 41-35. అంతకన్నా చెప్పుకోవలసింది అందులో లేదు.

అందుకే 2023 నుంచి దాన్ని ప్రో బౌల్ గేమ్స్ అని పేరు మార్చి, కొన్ని నైపుణ్య పోటీలు, చివర ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారు. మీరు గుడ్డపీలికలు అన్నవి అవే. నడుముకు బెల్టు, దానికి రెండు పక్కలా వేలాడే పట్టీలు. బంతి పట్టినవాడి పట్టీ లాగితే ట్యాకిల్ చేసినట్టే. శరీరం తగలకూడదు. అన్నదమ్ములు పేటన్ మానింగ్, ఈలై మానింగ్ రెండు పక్షాలకు శిక్షకులయ్యారు. మొదటి మూడేళ్ళూ నేషనల్ కాన్ఫరెన్స్ పక్షం ఎన్‌ఎఫ్‌సీయే గెలిచింది. 2026లో దాన్ని సూపర్ బౌల్ జరిగే వారంలోకే జరిపి శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టింది దెబ్బలు తగలకూడదని. కానీ ప్రో బౌల్ చరిత్రలో అతి ఘోరమైన దెబ్బ తగిలింది ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లోనే! 1999 ఫిబ్రవరిలో ప్రో బౌల్ వారం సంబరాల్లో భాగంగా, ఆ ఏడాది లీగులోకి వచ్చిన కుర్రాళ్ళకు వైకీకీ బీచ్ ఇసుకలో ఒక సరదా ఫ్లాగ్ ఆట పెట్టారు. న్యూ ఇంగ్లండ్ జట్టు రాబర్ట్ ఎడ్వర్డ్స్ అప్పుడే తన మొదటి సీజన్‌లో బంతి పట్టుకుని మొత్తం 1,115 గజాలు పరుగెత్తి వచ్చాడు. పాస్‌ను అడ్డుకోవడానికి పైకి ఎగిరి, దిగేటప్పుడు కాలు మడతపడింది. మోకాలి లిగమెంట్లు తెగాయి, రక్తనాళం దెబ్బతింది. కాలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని వైద్యులు భయపడ్డారు. కాలు మిగిలింది. మళ్ళీ లీగు మైదానంలో కాలు పెట్టడానికి 2002 దాకా పట్టింది, అదీ మయామీ జట్టులో. పాత ఎడ్వర్డ్స్ మాత్రం మళ్ళీ కనబడలేదు.

2023లో కొత్త పద్ధతి మొదలైన మొదటి ఏడే క్లీవ్‌లండ్ జట్టు మైల్స్ గారెట్‌కు అడ్డంకుల పరుగుపందెంలో కాలి వేలి కీలు తప్పింది. పాత పద్ధతిలో, 2016లో, సిన్సినాటి జట్టు టైలర్ ఐఫర్ట్ చీలమండ దెబ్బ తగిలి శస్త్రచికిత్స చేయించుకుని, తర్వాతి సీజన్ మొదట్లో కొన్ని మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. ఎగిరిన మనిషి కింద పడే తీరు ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి, ఏ నియమం పెట్టినా ప్రమాదం సున్నా కాదు. అయినా ఫ్లాగ్‌లో ఒక మేలు ఉంది. అందులో నిజాయితీగా ఆడవచ్చు. పట్టీ లాగడానికి ఒళ్ళంతా పెట్టి ప్రయత్నించినా ఎదుటివాణ్ణి ఢీకొట్టే పని లేదు. నటించాల్సిన అవసరం లేదు. అందుకే నేను ఈ మార్పును తిట్టను. మా కాలనీలో పదేళ్ళ పిల్లలు పట్టీ కోసం గడ్డిలో బొర్లాపడటం చూస్తే, 2022 ప్రో బౌల్ కన్నా అదే అసలైన ఆట అనిపిస్తుంది.

నాకు బాధ కలిగించేది వేరే. ఫ్లాగ్‌లో లైన్‌మన్లకు పెద్దగా పని లేదు. ఢీకొనడం లేనప్పుడు గోడ ఎందుకు? సీజన్ అంతా టీవీ కెమెరా కంటికి ఆనకుండా క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడిన ఆ భారీ మనుషులకు ఏడాదికి ఒక్కసారి దక్కే గుర్తింపు ఇది. వాళ్ళను పిలిచి తాడు లాగే పోటీలో నిలబెట్టారు. మా పెద్దమ్మ భాషలో చెప్పాలంటే, పెళ్ళికి పిలిచి వడ్డన పని అప్పగించినట్టు.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ చిన్నచూపు చూడాల్సిన ఆట కాదని చెప్పడానికి మనవాళ్ళకు తెలిసిన గుర్తు ఒకటుంది. 2023 అక్టోబరులో ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశమై, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌కు చోటిచ్చింది గుర్తుందా? మనం క్రికెట్ ఒక్కటే పట్టించుకున్నాం. అదే రోజు, అదే నిర్ణయంతో ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పక్షానికి ఐదుగురు, 50 గజాల మైదానం. 2025 మేలో ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానులు తమ ఆటగాళ్ళు అందులో పాల్గొనడానికి అనుమతిచ్చారు. దీని మీద ఏళ్ళ తరబడి ఫ్లాగ్ ఆడుతున్న అమెరికా జాతీయ జట్టు క్వార్టర్‌బ్యాక్ డారెల్ డూసెట్ ముందే నొచ్చుకున్నాడు. పెద్ద లీగు తారలు వచ్చేస్తే స్థానం వాళ్ళదే అని అందరూ ఎలా అనుకుంటారని ఆయన అభ్యంతరం. అందులో న్యాయం ఉంది. టెస్టు బ్యాటరు అయినంత మాత్రాన టీ20 దానంతట అదే వస్తుందా?

ఆట గురించి ఇన్ని మాటలు అన్నాను కాబట్టి, తారల సమావేశం వల్ల ఒక గొప్ప పని జరిగిన సందర్భం కూడా చెప్పాలి. ఇది ఎన్‌ఎఫ్‌ఎల్‌ది కాదు, దానికి అప్పట్లో పోటీగా ఉన్న ఏఎఫ్‌ఎల్‌ది. 1965 జనవరిలో వాళ్ళ తారల మ్యాచ్ న్యూ ఆర్లీన్స్‌లో తులేన్ స్టేడియంలో పెట్టారు. జాతివివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చి ఆరు నెలలే అయింది. ఊళ్ళో దిగిన నల్లజాతి ఆటగాళ్ళను విమానాశ్రయం దగ్గర ట్యాక్సీలు ఎక్కించుకోలేదు. ఫ్రెంచ్ క్వార్టర్ క్లబ్బులు గుమ్మంలోనే ఆపేశాయి. కుకీ గిల్‌క్రిస్ట్, ఎర్నీ లాడ్ వంటివాళ్ళు ఆ లీగుకే కొండంత అండ. అలాంటివాళ్ళకు కాఫీ పొయ్యని ఊరు వాళ్ళ ఆటకు టికెట్లు అమ్ముకుంటుందా? నల్లజాతి ఆటగాళ్ళు 21 మంది ఒక గదిలో కూర్చుని ఓటు వేసుకున్నారు, ఈ ఊళ్ళో ఆడం అన్నారు. రాన్ మిక్స్ వంటి తెల్లజాతి ఆటగాళ్ళు కూడా తోడు నిలిచారు. కమిషనర్ జో ఫాస్ వారం తిరక్కుండానే మ్యాచ్‌ను హ్యూస్టన్‌కు మార్చారు.

ఆలోచించండి, మామూలు వారంలో ఆ 21 మంది వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు యజమానుల కింద ఉంటారు. ఒకచోట చేరింది తారల మ్యాచ్ పేరు మీదే. న్యూ ఆర్లీన్స్ అప్పట్లో సొంత జట్టు కోసం తహతహలాడుతోంది. ఆ పరాభవం తర్వాత ఊరి పెద్దలు తీరు మార్చుకోక తప్పలేదు. 1966లో జట్టు మంజూరైంది. ఇప్పుడు మీరు చూసే సెయింట్స్ అదే.

సరే, ఎంపిక సంగతికి వస్తాను. మీ అసలు ప్రశ్న అదే కదా.

ఎంపికలో మూడు ఓట్లుంటాయి. అభిమానులది మూడో వంతు, ఆటగాళ్ళది మూడో వంతు, శిక్షకులది మూడో వంతు. అభిమానులకు ఓటు 1995లో ఇచ్చారు. ఈ ఓటు ఉన్నందువల్ల పేరున్న జట్ల వాళ్ళకు, నిరుడు బాగా ఆడినవాళ్ళకు కాస్త మొగ్గు ఉంటుంది. అయినా తోటి ఆటగాళ్ళ ఓటు విలువైనది. వారం వారం ఎదురెదురుగా ఢీకొన్నవాడు "వీడు గట్టివాడు" అంటే అది మామూలు మెప్పు కాదు. ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి 44 మంది, మొత్తం 88 మంది. 32 జట్ల నుంచి 88 మంది అంటే గౌరవమే.

తిరకాసు ప్రత్యామ్నాయాల దగ్గర వస్తుంది. సూపర్ బౌల్ ఆడేవాళ్ళు రారు, దెబ్బలు తగిలినవాళ్ళు రారు, విసుగొచ్చినవాళ్ళు రారు. వాళ్ళ స్థానంలో ఓట్లలో తర్వాత ఉన్నవాణ్ణి, అతను కూడా రానంటే ఆ తర్వాతివాణ్ణి పిలుస్తూ పోతారు. అలా 2022 సీజన్‌కు బాల్టిమోర్ జట్టు రెండో క్వార్టర్‌బ్యాక్ టైలర్ హంట్లీ దాకా వచ్చింది. ఆ సీజన్‌లో అతను మొదటి నుంచి ఆడించబడింది నాలుగు మ్యాచ్‌లలో, విసిరిన టచ్‌డౌన్ పాసులు రెండే. మంచి కుర్రాడే, అతని తప్పేమీ లేదు, పిలిస్తే వెళ్ళాడు. కానీ రికార్డు పుస్తకంలో అతని పేరు పక్కన కూడా ప్రో బౌల్ అనే ఉంటుంది. మరోపక్క, పదిహేనుసార్లు ఎంపికై రికార్డు పెట్టిన టామ్ బ్రేడీ వాటిలో చాలావాటికి వెళ్ళనే లేదు.

ఈ తేడా జీతాలు రాసేవాళ్ళకు బాగా తెలుసు. 2020లో లీగుకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం, కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులో ఎంపికైనవాణ్ణి జట్టు ఐదో ఏడు కూడా ఉంచుకోవాలనుకుంటే, ఆ ఏటి జీతం అతని ప్రో బౌల్ ఎంపికలను బట్టి పెరుగుతుంది. ఒకసారి ఎంపికైతే ఒక మెట్టు, రెండు అంతకన్నా ఎక్కువసార్లయితే అన్నిటికన్నా పై మెట్టు. ఈ లెక్కలోకి వచ్చేది మొదటి జాబితాలో పేరు ఉన్నవాళ్ళే. ప్రత్యామ్నాయంగా వెళ్ళినవాళ్ళకు లెక్క ఉండదు. లక్షల డాలర్ల తేడా ఇది. అందుకే మైదానంలో ఎవరూ పట్టించుకోని ప్రో బౌల్‌ను డిసెంబరులో జాబితా వచ్చే రోజు మాత్రం ఆటగాళ్ళు, వాళ్ళ ఏజెంట్లు ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఇంకా గట్టి కొలత కావాలంటే ఆల్-ప్రో అనే జాబితా చూడండి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తరఫున 50 మంది క్రీడా పాత్రికేయులు, విశ్లేషకులు ఓటు వేసి లీగు మొత్తానికి ఒక్కో స్థానంలో మేటి ఎవరో తేలుస్తారు. దానికి ఆట ఉండదు, హవాయి ఉండదు, రానివాడి బదులు ఇంకొకణ్ణి పిలవడం ఉండదు. దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ చర్చల్లో ముందు అడిగేది అదే, తర్వాతే ప్రో బౌల్‌ల సంఖ్య.

కాబట్టి మీ ఆఫీసులో ఇద్దరి తగువు తీర్చాలంటే ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. డోనట్లు పంచినాయన్ని ఒక్క ప్రశ్న అడగండి: "మీవాడి పేరు మొదటి జాబితాలో వచ్చిందా, తర్వాత పిలిచారా?" మొదటి జాబితా అంటే ఇంకో డోనట్ తీసుకోండి. ఆయన గొంతు సవరించుకుని కాఫీ కప్పు వైపు చూశారంటే, మీకు జవాబు దొరికినట్టే.